పొలంలో తప్పులేని చొక్కా

మిరప కోతలకు వెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా వేసుకుంటారు. సత్తెనపల్లి చుట్టుపక్కల ఏ చేలో చూసినా ఇంతే. చొక్కా లేకపోతే సాయంత్రానికి మోచేతుల దాకా మంట. మా పిన్ని వేసుకునేది చిన్నాన్న పాత చొక్కా, నీలం గళ్ళది. ఆయన పోయి చాలా ఏళ్ళయినా అది పొలానికి వెళుతూనే ఉంది. ఇన్నేళ్ళలో దాన్ని తప్పన్నవాడు ఒక్కడూ లేడు.

నిరుడు కోతల కాలంలో విదేశం నుంచి ఒకావిడ మా పేటకు వచ్చింది. ఆడవాళ్ళ చేత వాళ్ళ బతుకు మీదే నాటకం కట్టించడం ఆవిడ పని. నేను టీచర్ని కాబట్టి ఆవిడ ఇంగ్లీషును తెలుగు చేసే పని నాకు పడింది. వాళ్ళ దేశంలో నోరు విప్పకుండా ఒట్టి నడకతోనే దొరల్ని ఎగతాళి చేస్తారట. మా క్రీస్తు గుడి ఆవరణలో ఆ నడక చూపించిందో లేదో, పిన్ని లేచి మా కూలి మేస్త్రి నడక నడిచింది. చొక్కా చేతులు పైకి మడిచి, నోట్లో పుల్ల పెట్టుకుని, "ఏమ్మే, చేలో నిద్రపోతన్నారా?" అని గదమాయించింది. కూలీలంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ వేషం పిన్నిదే అయింది.

మొదటి అడ్డు ఆ విదేశీ ఆవిడే. రంగురంగుల చీరలు బాగున్నాయట, చొక్కాలు తీసేస్తే అసలైన పల్లె కనిపిస్తుందట. తెలుగులో చెప్పడానికే నాకు చిరాకేసింది.

"చొక్కా లేకుండా కాయ కోసే ఆడదాన్ని ఒక్కదాన్ని చూపించమనవే," అంది పిన్ని.

మర్నాడు ఆవిడ మాతో చేలోకి వచ్చి కోసింది. మధ్యాహ్నానికి తనే చొక్కా అడిగింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

రెండో అడ్డు మా గుడి సంఘపెద్ద.

"ఆడదానివి, గుడి ఆవరణలో మగ చొక్కా, మగ వేషమా? సిగ్గులేదా? దాంతో స్టేజీ ఎక్కావంటే నీకు ప్రభువు బల్ల లేదు!"

ప్రభువు బల్ల అంటే నెలకోసారి గుడిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. చిన్నాన్న పోయాక పిన్నికి మిగిలిన ఊరట అదొక్కటే. జ్వరంతో కూడా ఏ నెలా మానలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయన కౌలు చేలోనే కదా, ఈ చొక్కాతోనే కదా ఆమె కోతలు కోసేది! అదే అడిగాను.

"పొలంలో వేసుకుంటే తప్పులేదమ్మా. అది పని," అన్నాడు.

ఆయన చేలో కాయలు కోస్తే పని, నోరు తెరిచి నాలుగు మాటలంటే పాపం. ప్రతి క్రిస్మస్‌కీ మీసాలు రాని కుర్రాడికి చీర కట్టి మరియమ్మ వేషం వేయించేది ఈయనే. అప్పుడు ఆడ, మగ బట్టలు మార్చి కట్టకూడదన్న బైబిలు వాక్యమేదీ గుర్తురాదు.

పిన్ని ఆడింది, ఆ చొక్కాతోనే. పేటంతా చూసింది. మర్నాడు సంఘపెద్ద నుంచి కబురు: కాయ చెట్టు మీదే ఎండిపోతోంది, కోతకు రమ్మని. వెళ్ళొద్దని పోట్లాడాను. "పొయ్యి వెలగాలి కదే," అని వెళ్ళిపోయింది.

బల్ల ఆదివారం ఆ చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, చీర మీద వేసుకుని గుడికి వచ్చి నా పక్కన కూర్చుంది. సంఘపెద్ద రొట్టె పళ్ళెం పట్టుకుని ఆమెను దాటేసి నా ముందు పెట్టాడు. నేను చేతులు కట్టుకున్నాను.

"ముందు పిన్నికివ్వండి," అన్నాను.

ఆయన విననట్టు పక్కకు జరిగాడు. నాటకంలో కూలీగా ఆడినావిడ చేతులు కట్టుకుంది. ఆ పక్కావిడా కట్టుకుంది. వెనక వరసా అంతే. ఆడవాళ్ళ వైపు తిరిగిన పళ్ళెం ఎలా వచ్చిందో అలాగే వెనక్కి వెళ్ళింది. పిన్ని చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది.

ఈ ఏడూ ఆయన చేలో కాయ కోసింది ఆ చొక్కానే. పిన్నికి ఇప్పటికీ బల్ల లేదు. మేమూ ముట్టడం లేదు.