పావుగంటకోసారి తిన్నరా

ఉదయం ఆరు నలభైకి మా ట్రక్కు సరూర్‌నగర్‌లో ఆగింది. వాన తగ్గలేదు. చెరువు పొంగి దిగువ కాలనీలో నడుముదాకా నీళ్లు. కరెంటు లేదు, ఫోన్లు పలకడం లేదు. సైనికుడి డ్యూటీ అంటే మంచుకొండలే అనుకుంటారు మీరు. పదిహేడేళ్లు సైన్యంలో కబుర్లు చేరవేసే సిగ్నల్స్ విభాగంలో చేసిన నాకు మాత్రం ఈ నాలుగు రోజులే ముందు గుర్తొస్తాయి.

మా దగ్గర ఎనిమిది చేతి రేడియోలు. మేడల మధ్య వాటి మాట రెండు సందులు దాటదు. అందుకే రెండు వీధుల్లో మూడేసి డాబాల మీద ఒక్కో సెట్ పెట్టించాను. ఒకరు విన్నది పక్కవాళ్లకు చెప్పాలి, అలా పడవలో ఉన్న నాదాకా రావాలి. ఒకటి నా దగ్గర, ఒకటి అదనం. మొదటి వీధి చివరి డాబా యాదమ్మది, ఆ ఊరి పాత మనిషి. ఆమె ఇంట్లో కిరాయికున్న అమ్మాయికి నెలలు నిండాయి. పడవెక్కమంటే వానకు భయపడి రానంది. నా కంగారంతా ఆ పిల్ల గురించే.

యాదమ్మ పావుగంటకోసారి మధ్య డాబాను పిలిచి తిన్నరా అని అడిగేది. అక్కడున్న గుంటూరు మాస్టారు తిన్నామండీ, మీరో అనేవారు. బ్యాటరీ దండగ అని మండిపడ్డాను. పనుంటేనే మాట్లాడమన్నాను.

మధ్యాహ్నం రెండుదాకా రేడియో నిశ్శబ్దం. మెచ్చుకున్నాను కూడా, బుద్ధి తక్కువై. రెండుంబావుకు పక్క వీధి నుంచి కబురొచ్చింది. అమ్మాయికి నొప్పులట, యాదమ్మ గంట నుంచి పిలుస్తోందట. మాస్టారి సెట్ తడిసి మూగబోయింది, ఆ సంగతి ఆయనకే తెలియదు. చివరికి యాదమ్మ పిట్టగోడ మీద వంగి పక్క వీధి డాబావాళ్లను కేకేసింది.

పడవ పది నిమిషాల్లో చేరింది. అమ్మాయిని ఎక్కిస్తుంటే యాదమ్మ నెమ్మదిగా అంది:

“ఒద్దంటివి గద బిడ్డా. అడుగుతుంటే సెట్టు పోయిందని ఎప్పుడో ఎర్కైతుండె.”

సిగ్గేసింది. అప్పుడే అన్ని డాబాలకూ చెప్పాను: పావుగంటకోసారి పక్కవాళ్లను తిన్నరా అని అడగాలి. రెండుసార్లు జవాబు రాకపోతే ఆ దారి పోయినట్టే, కబురు పక్క వీధి మీదుగా పంపాలి.

అదనపు సెట్ అందుకుంటూ మాస్టారు అడిగారు, “ఇది ఆర్డరాండీ?”

“ఆర్డరే,” అన్నాను.

మర్నాడు రెండు సెట్లు పోయాయి, కబురు ఒక్కటీ పోలేదు. కొత్తపేట దవాఖానలో ఆడపిల్ల పుట్టిందన్న మాట కూడా పక్క వీధి చుట్టి యాదమ్మను చేరింది.

నాలుగోరోజు సెట్లన్నీ వెనక్కి తీసుకున్నాం. ట్రక్కు దిల్‌సుఖ్‌నగర్ వైపు కదిలింది. యాదమ్మ డాబా మీదే ఉంది. కేకేసినా వినపడని దూరం. ఐదు వేళ్లూ కలిపి నోటి దగ్గర పెట్టుకుని నావైపు చూస్తోంది. ఇప్పుడు రిటైరయ్యాక ఎల్బీనగర్‌లో మా ఇంట్లో కంచం ముందు కూర్చున్నప్పుడల్లా నాకు ఆ చెయ్యే కనిపిస్తుంది.

ఆ రోజు పొద్దుట్నుంచి నేనేమీ తినలేదు. అయినా తిన్నానని రెండు చేతులూ ఊపాను. జవాబు రాకపోతే కంగారు పడుతుంది కదా.