మంచు క్లబ్బు సారూ, పదకొండు పొట్లాలూ

సారు పోయిన కబురు సారు నంబరు నుంచే వచ్చింది. మే నెలాఖరు. పొద్దున్నే షాపు షట్టరు ఎత్తుతున్నాను. జేబులో ఫోను టింగుమంది. తీసి చూస్తే మా క్లబ్బు గ్రూపులో ఆయన పేరు. అలవాటు కొద్దీ చదవకుండానే బొటనవేలి గుర్తు నొక్కేసి, ఫోను మళ్ళీ జేబులో వేసి, జెరాక్సు మెషీన్లు ఆన్ చేసుకున్నాను. ఐదు నిమిషాలకు కళ్ళద్దాల షాపు భాయ్ ఫోన్ చేసి, "చదివినావా భాయ్? సారు పోయినాడంట" అన్నాడు. అప్పుడు చదివాను. రాసింది ఆయన కూతురు. "నాయన ఈ పొద్దు తెల్లారి ఐదింటికి పోయినాడు. అందురికీ చెప్పండి" అని ఉంది. దాని కింద మూడు బొటనవేళ్ళు. అందులో ఒకటి నాది.

వెంటనే తీసేశాను. మిగతా ఇద్దరూ తీసేశారు. తీసినంత మాత్రాన ఏమవుతుంది, ఆ పిల్ల చూసే ఉంటుంది. చావు కబురుకు సరేనని వేలెత్తిన మనుషులం మేము. ఆ పాడు అలవాటు మాకెలా పడిందో చెప్పకుండా సారు గురించి రాయడం నాకు చేతకాదు. ఆయనను పొగిడి ఊరుకుంటే నా మనసు ఊరుకోదు.

తిరుపతిలో మంచు క్లబ్బేమిటని మీరు నవ్వవచ్చు. నేనూ నవ్వాను. పన్నెండేళ్ళ కిందట ఒక ఎండాకాలం మధ్యాహ్నం, కరెంటు లేక నేను అట్టముక్కతో విసురుకుంటూ కూర్చుంటే, నెరిసిన మీసాల మనిషి ఒకాయన మోపెడ్ దిగి చేతిరాత కాగితం ఒకటి నా ముందు పెట్టారు. కాళ్ళకు పొడుగాటి పలకలు కట్టుకుని మంచు మీద జారే ఆట నేర్పుతామనీ, ఆసక్తి ఉన్నవారు ఆదివారం రావాలనీ అందులో ఉంది. "సార్, ఇక్కడ మంచు ఐసు బండిలో తప్ప ఎక్కడుంది?" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "మంచు యాడికీ పోదప్పా, అది కొండల మింద ఉంటాది. మనుషుల్నే ముందు పోగుజేయాల. నూరు కాపీలు తియ్యి" అన్నారు. నూరు కాపీలు తీశాను. నూట ఒకటో కాపీ నేనే దాచుకున్నాను.

సారుది కార్వేటినగరం దగ్గర పల్లె. మిలిటరీలో హవల్దారుగా చాలా ఏళ్ళు కాశ్మీరు కొండల్లో ఉన్నారు. అక్కడ నేర్చుకున్న ఆటను రిటైరయ్యాక ఈ ఎండల ఊరికి మోసుకొచ్చారు. ఏటా జనవరిలో మమ్మల్ని రైలెక్కించి ఉత్తరాది కొండలకు తీసుకుపోయేవారు. నలభై రెండేళ్ళ వయసులో మొదటిసారి మంచు చూసి, ముట్టుకుని, దాంట్లో పందొమ్మిది సార్లు పడ్డాను. పందొమ్మిది అని నాకెలా తెలుసంటే ఆయన పైనుంచి లెక్కపెట్టి అరుస్తున్నారు. అందరం కలిసి పదకొండు మందిమి కుదిరాము. జెరాక్సు షాపు నేను, కళ్ళద్దాల షాపు భాయ్, ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒక అక్క, ఇంకా ఇట్లాంటివాళ్ళమే, ఎవరికీ మంచుతో ఏ సంబంధమూ లేదు.

కానీ ఆయన క్లబ్బు అసలు నడిచింది ఎండాకాలంలోనే. "సలికాలం ఎవురైనా వస్తారప్పా. ఎండాకాలం వచ్చేవాడే మనోడు" అనేవారు. మార్చి నుంచి జూన్ దాకా రెండు వారాలకోసారి ఎక్కడికో ఒకచోటికి బయల్దేరాల్సిందే. ఒకసారి కార్వేటినగరంలో పాత కోట గోడలు చూపించి, పక్కనున్న గుట్ట మీది నుంచి మోకాళ్ళు వంచి, నడుము ముందుకు పెట్టి, మమ్మల్ని వరసగా దించారు. జారేటప్పుడు ఒళ్ళు అలాగే ఉండాలట. మేకలు తోలుకుపోతున్న ముసలాయన ఆగి, మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏమప్పా, అందురికీ ఒకే తూరి నడుము పట్టుకునిందా?" అన్నాడు. సారు నవ్వలేక గుట్ట మీదనే కూలబడిపోయారు. ఆ రోజు నర్సక్క నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకోవడం ఇప్పటికీ గుర్తుంది.

మామిడి తోటలకూ పోయేవాళ్ళం. కాయలు కోసే కాలంలో తెలిసినవాళ్ళ తోటలో చెట్ల కింద చాపలు పరిచి, మధ్యాహ్నం దాకా కబుర్లు. మా అమ్మ పోయిన ఏడాది నేను షాపు తీయకుండా ఇంట్లో గోడ చూస్తూ కూర్చుంటే, సారు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "తోటకు పోతాండాము. నువ్వేమీ మాట్లాడబళ్ళేదు. ఊరికే రా" అన్నారు. వెళ్ళాను. నిజంగానే ఎవరూ నన్ను మాట్లాడించలేదు. ఆయన బెంగుళూరా మామిడికాయ ముక్కలు కోసి, ఉప్పూ కారమూ అద్ది, ఒక్కొక్కటే నా చేతిలో పెడుతూ వచ్చారు. సాయంత్రానికి నాకు ఆకలేసింది. అమ్మ పోయాక ఆకలి వేయడం అదే మొదలు.

అన్నిటికంటే ఆయనకు ఇష్టమైనది పులికాట్. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు ఆ సరస్సు మధ్యలో గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఎండాకాలం నీళ్ళు ఇంకిపోయి రోడ్డుకు రెండు పక్కలా నేల ఉప్పు తేలి తెల్లగా పరుచుకుంటుంది. మొదటిసారి అక్కడ దింపి, "సూడండి, మంచు ఇట్లే ఉంటాది. కాకుంటే సల్లగుంటాది" అన్నారు. ఆ తెల్లటి నేల మీద మాకు పడడం నేర్పారు. "నిలబడేది దానంతట అదే వస్తాది. ముందు పడేది నేర్సుకోండి. పక్కకు పడండి. ముందుకు పడితే మొగం, ఎనిక్కి పడితే తల." భాయ్ పడి లేచేసరికి ప్యాంటంతా ఉప్పే. ఒకసారి మేమక్కడ ఉండగానే రాకెట్ లేచింది. ఊళ్ళవాళ్ళంతా రోడ్డు మీద తలలెత్తి అరుస్తున్నారు. నేను ఎందుకో పక్కకు తిరిగాను. సారు ఆకాశం చూడడం లేదు. జనంలో మేమెక్కడ తప్పిపోతామోనని వేలు ఊపుతూ మమ్మల్ని లెక్కపెడుతున్నారు. పదకొండు అయ్యాక గాని తల ఎత్తలేదు.

ప్రతిసారీ పదకొండు పొట్లాలు. ఆయన భార్య పొద్దున్నే లేచి చింతపండు పులుసన్నం కలిపి, అరిటాకులో పెట్టి, పైన పేపరు చుట్టి కట్టేవారు. సంచి మోసేది సారే, ఇంకొకరికి ఇచ్చేవారు కాదు.

ఇక నా నిర్వాకం చెప్పాలి. షికారుకు రెండు రోజుల ముందు సారు మోపెడ్ మీద పదకొండు గుమ్మాలూ తిరిగేవారు. మనిషి వచ్చి ఎదురుగా నిలబడి, "ఆదివారం వస్తాండావు గదా" అంటే కాదనడం ఎవరి తరమూ కాదు. నాలుగేళ్ళ కిందట, ఆయన చెమటలు కక్కుతూ నా షాపు ముందు మోపెడ్‌కు స్టాండు వేస్తుంటే జాలేసి, "ఎందుకు సార్ ఈ తిరుగుడు? ఫోనులో గ్రూపు పెడతాను. మీరు ఒక మాట రాయండి. వచ్చేవాళ్ళు బొటనవేలు నొక్కుతారు" అన్నాను. ఆయన ఫోను తీసుకుని నా చేతులతో నేనే పెట్టిచ్చాను. "ఇంగ తిరగబళ్ళేదా?" అని చిన్నపిల్లవాడిలా అడిగారు. అక్కర్లేదన్నాను. మంచి పని చేశాననుకున్నాను.

మొదట్లో వేలు నొక్కినవాళ్ళంతా వచ్చారు. తరవాత ఎనిమిది మంది, ఆ తరవాత ఐదుగురు. పిల్లల పరీక్షలు, పెళ్ళిళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఎండలు. నొక్కడం మాత్రం అందరమూ నొక్కేవాళ్ళం. లేకపోతే సారు బాధపడతారని. జనవరి ప్రయాణాలు ఆగిపోయాయి. ఆయనకు కిడ్నీలు పాడయ్యి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోతున్నారని కూడా నర్సక్క చెబితే తెలిసింది.

ఈ ఏప్రిల్‌లో ఆయన గ్రూపులో పెట్టిన మాట నా ఫోనులో ఇంకా ఉంది. "నాకు ఇంక మంచుకు వీలుపడదు. ఈ ఆదివారం పులికాట్ రోడ్డు. ఒక తూరి అందరూ రావాల. ఎవరి దోవన వాళ్ళు పదింటికి టీ బంకు కాడికి రండి." పదకొండు వేళ్ళు లేచాయి. ఆ ఆదివారం నాకు పెళ్ళికార్డుల పని మీద పడింది. మిగతా పది మందీ పోతారు కదా, నేనొక్కడిని లేకపోతే ఏమిలే అనుకున్నాను. సాయంత్రం ఆయన ఒక ఫోటో పెట్టారు. తెల్లటి నేల, అంతే. కింద "బాగా జరిగింది" అని రాశారు. దానికీ వేలెత్తాను.

కర్మాంతరం నాడు పదకొండు మందిమీ వెళ్ళాము. ఇన్నేళ్ళకు అందరం మళ్ళీ ఒకచోట కనబడడం అదే. భోజనాలయ్యాక ఆయన భార్య మా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. "ఆ పొద్దు మీరంతా వస్తిరి సూడండప్పా, ఆ సంతోషంతోనే పోయినాడు. ఇంటికొచ్చి రాత్రంతా అదే మాట" అన్నారు. భాయ్ వైపు తిరిగి, "నువ్వు జారి పడి ప్యాంటంతా తెల్లగా చేసుకుంటివంట గదా" అని నవ్వారు. నర్సక్కతో, "నీ పాట బాగుండిందన్నాడమ్మా" అన్నారు. నాతో, "నువ్వు రెండు పొట్లాలు తింటివంట. నీకు నా చేతి పులుసన్నం అంత ఇష్టమని తెలియకపాయె నాయనా" అన్నారు.

నేను భాయ్ ముఖం చూశాను. భాయ్ నర్సక్క ముఖం చూశాడు. అక్క నేల చూసింది. ఒక్కొక్కరి ముఖమూ చూసుకుంటూ పోయాను. ఒక్కరు కూడా పోలేదు. పదకొండు మందిమీ మిగతా పది మంది పోయి ఉంటారనుకున్నాము. సారు ఒక్కరే రెండు బస్సులు మారి ఆ ఎండకు పోయి, ఇంటికొచ్చి, మమ్మల్నందరినీ తన మాటలతో పుట్టించి ఆమెకు చూపించారు. "అవునమ్మా, రెండు తిన్నాను" అన్నాను. ఇంకేం చెప్పను? ఆ ఎండకు తిరిగినందుకే ఆయనకు ముదిరిందా అని డాక్టరును ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, భయపడి.

బయటికొచ్చాక వాకిట్లో చెప్పులు వేసుకుంటూ ఎవరో, "వచ్చే ఆదివారం మనమంతా పులికాట్ పోదాము. సారు కోసం" అన్నారు. అందరూ గట్టిగా సరేనన్నారు. ఈసారి నేను గ్రూపును నమ్మలేదు. శుక్రవారం సాయంత్రం బండి తీసి పది గుమ్మాలూ తిరిగాను. పది మందీ ఎదురుగా నిలబడి వస్తామన్నారు. భాయ్ నా చేయి పట్టుకుని, "అల్లా సాక్షిగా వస్తా" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు అబద్ధం కాదు.

ఆదివారం పది గంటలకు నేను ఆ టీ బంకు దగ్గర దిగాను. బంకు నడిపే ఆమెకు సారు బాగా గుర్తున్నారు. "ఆ మిలిటరీ ఆయప్పా? పోయినాడా? అయ్యో" అని గ్లాసు పక్కన పెట్టేసింది. "ఆ పొద్దు ఈడనే కూసున్నాడు అబ్బా. ఈడికొచ్చినోళ్ళంతా నీళ్ళున్న తావు యాడ, పిట్టలు యాడ అని అడగతారు. ఆయప్ప కుర్చీ రోడ్డుకల్లా తిప్పుకుని కూసున్నాడు. బస్సు వచ్చినప్పుడల్లా లేసేది, కూసునేది. రెండు దాటినాక ఆ పొట్లాలు మాకిచ్చేసినాడు. మావోళ్ళు ఫోన్ చేసినారు, దోవలో తినేసినారంట, మీరు తినండి అన్నాడు. ఎవురప్పా ఆయన వాళ్ళు?"

టీ ఇమ్మన్నాను.

పదకొండయింది. పన్నెండయింది. నర్సక్క డ్యూటీ పడిందని మెసేజ్ పెట్టింది. భాయ్ ఫోన్ ఎత్తలేదు. మిగతావాళ్ళు అదీ లేదు. నాకు కోపం కూడా రాలేదు, ఏ ముఖం పెట్టుకుని కోపం తెచ్చుకోను. ఇంక క్లబ్బు లేదని అక్కడ, ఆ తెల్లటి నేల మధ్య, నాకు నేనే ఒప్పుకున్నాను. అయినా లేచి వెళ్ళిపోవడానికి కాళ్ళు రాలేదు. దూరంగా ఎండలో నీళ్ళలా ఊగుతూ బస్సొకటి కనబడింది. లేచి నిలబడ్డాను. అది దగ్గరికొచ్చి, వేగం తగ్గించి, దిగేవాళ్ళెవరూ లేక ముందుకు వెళ్ళిపోయింది. "ఎండ మింద పడతాండాది, ఈ పక్కకు జరుగు అబ్బా" అంది బంకు ఆమె. కుర్చీ నీడలోకి జరుపుకుని, మళ్ళీ రోడ్డు వైపే తిరిగి కూర్చున్నాను.