గుడియాత్తం కృష్ణప్ప ఐసుపెట్టె

అందుకే అంటున్నాను, ఐసుపెట్టె కొనడానికి పోయినప్పుడు దాన్ని వేళ్లతో తట్టి చూసి మురిసిపోకండి. గుడియాత్తం కృష్ణప్ప అలా తట్టి చూసే కొన్నాడు. ఆ తర్వాత అతను పడిన తిప్పలు పగవాడికి కూడా వద్దు.

కృష్ణప్ప నేతగాడు. తాత తవ్విన మగ్గం గుంటలోనే కాళ్లు దింపుకుని ముప్పై ఏళ్లుగా గళ్ల లుంగీలు నేస్తున్నాడు. ఇంట్లో తెలుగు, బజారులో అరవం మాట్లాడతాడు. రెండిట్లో ఏదీ చదవడం రాదు. అయితేనేం, వస్తువును పట్టి చూడడంలో అతన్ని మించినవాడు ఆ వీధిలో లేడు. మగ్గంలో ఆడే నాడె కొన్నా, చెంబు కొన్నా, చెప్పులు కొన్నా ముందు తట్టి చూస్తాడు. తర్వాత "ఎన్నేళ్లు నిలుస్తాది?" అని అడుగుతాడు. పెళ్లినాడు కొన్న గొడుగు ఇంకా అతని దగ్గరే ఉంది. గుడ్డ మూడుసార్లు మారింది, కమ్ములు నాలుగు మారాయి, గొడుగు మాత్రం అదేనంటాడు.

అలాంటి మనిషికి దొరల ఇళ్లలో ఉండే ఐసుపెట్టెతో ఏం పని? అంతా పంకజం కోసమే.

పంకజం అతని భార్య. ఉన్నట్టుండి మనిషి చిక్కిపోవడం మొదలెట్టింది. కడవ నీళ్లు తాగినా దాహం తీరదు. నాలుగడుగులు వేస్తే కళ్లు తిరుగుతాయి. వేలూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోతే చక్కెర జబ్బు అన్నారు. దొరల సీమ నుంచి కొత్తగా ఒక మందు వస్తోందని, రోజూ సూదితో ఎక్కించుకుంటే లేచి తిరుగుతుందని, మానేస్తే బతకదని చెప్పారు. చెప్పినట్టే ఇరవై రోజుల్లో పంకజం లేచి కూర్చుని, ఆసుపత్రి సాంబారులో ఉప్పు లేదని పేచీ పెట్టే దాకా వచ్చింది. ఆ పేచీ విన్నాక కృష్ణప్పకు ప్రాణం లేచొచ్చింది.

చిక్కల్లా ఆ మందుతోనే. బొటనవేలంత సీసా, లోపల తేటనీళ్లలాంటి మందు. వేడి తగిలితే చెడిపోతుంది. ఇంటికి పంపే ముందు నర్సు ఆరోకియమేరి కృష్ణప్పను పక్కకు పిలిచింది.

"అన్నా, మీ ఇంట్లో చల్లని చోటు ఉంటే రెండు సీసాలు చేతికిస్తా. పదైదు రోజులకొస్తాయి. లేదంటే అక్కను రోజూ ఇక్కడికే తీసుకొచ్చి సూది ఏపించాల."

"రోజూ వేలూరికా? బస్సులోనే మా కాపురమా ఏంది?"

"నా మీద కోపమెందుకన్నా? ఎండకు చెడిపోయిందంటే అది ఉత్త నీళ్లు. నీళ్లు పొడిస్తే జబ్బు తగ్గతాదా?"

అని, వేడి కొలిచే గాజుపుల్ల ఒకటి తెచ్చి, దాని మధ్యలో ఎర్రదారం కట్టి అతని చేతిలో పెట్టింది. "లోపల తెల్లగీత ఉండాది చూడు. ఆ గీత ఈ నూలు దాటకూడదు. నీకు అంకెలు రావు కదా, నూలు తెలుస్తాది కదా? ఇది వార్డు సొత్తన్నా. నెలలోపల తెచ్చియ్యి. మరిచిపోయేవు."

సూది పొడవడం కూడా నేర్పింది. తెగిన పోగును కంటికి కనపడకుండా ముడేసే వేళ్లు కృష్ణప్పవి. రెండోసారికే చెయ్యి కుదిరింది.

ఇక చల్లని చోటు కావాలి. వేలూరు పక్కన తొరపాడిలో ధర్మలింగం అనే అతను ఉన్నాడు. ఊరు మారిపోయే దొరల సామాన్లు కొని అమ్ముతుంటాడు. అతని కొట్టంలో రెండు రకాల పెట్టెలున్నాయి. ఒకటి తెల్లటి ఇనప బీరువా, అడుగున కిరసనాయిలు దీపం.

"కింద దీపం ఎలిగిస్తే పైన ఐసు కడతాదప్పా," అన్నాడు ధర్మలింగం.

"ఎవరికి చెప్తాండావు? నిప్పు పెడితే చల్లబడతాదా?"

"సామి పేరు చెప్పి సత్యం చేస్తా. నా కళ్లారా చూసినా."

"సరే, చెడిపోతే బాగుచేసేదెవరు?"

"బొంబాయి నుంచి ఆళు రావాల."

"నా ఇంట్లో మనిషి ప్రాణం దాన్ని నమ్ముకోనుంటే, నువ్వు బొంబాయికి ఉత్తరం రాస్తా కూసుంటావా?"

రెండోది టేకు పెట్టె. లోపల తగరపు రేకు, రెండు వైపులా పలక, పలకల నడుమ జానెడు సందు. పైఅరలో ఐసుగడ్డ, కింది అరలో సామాను. కృష్ణప్ప తట్టాడు. కంగుమంది. ఇత్తడి కీళ్లు లాగి చూశాడు. పైకెక్కి కూర్చున్నాడు. చెక్క తెలిసిన వస్తువు, మేకు తెలిసిన వస్తువు, ఏది విరిగినా తనే బిగించుకోవచ్చు.

"ఎన్నేళ్లు నిలుస్తాది?"

"నీ మనవడి పెళ్లిలో కూడా ఉంటాది."

ఆ మాటతో బేరం కుదిరిపోయింది.

బండి మీద పళ్ళికొండ మీదుగా పెట్టె గుడియాత్తం చేరేసరికి వీధి వీధంతా గడపల్లోకి వచ్చింది. పక్కింటి చెల్లమ్మకు నోరు ఊరుకోదు.

"ఏం కృష్ణప్పా, కోళ్లగూడు ఇంత పెద్దదా? ఎన్ని కోళ్లు పడతాయి?"

"కోళ్లకు కాదు, నీ నోటికి తాళమేసేదానికి తెచ్చినా," అన్నాడు కృష్ణప్ప. అతను సంతోషంగా ఉన్న ఆఖరి రోజు అదే అనుకోండి.

మర్నాడు పలక ఊడదీసి చూస్తే సందులో ఉన్నది బొగ్గుపొడి. సగానికి కుంగి ముద్దయిపోయి ఉంది. దాన్ని తీసి కొత్త బొగ్గుపొడి దట్టించమని ధర్మలింగం ముందే చెప్పాడు. కానీ మీరే ఆలోచించండి, నేతగాడి ఇంట్లో బొగ్గుపొడి దట్టిస్తారా? మగ్గం మీద తెల్ల పడుగు నూలు ఉంది. పక్కింట్లో పొయ్యి ఊదితేనే తలుపు మూసుకునే ఇల్లది. చిటికెడు మసి పడితే గుడ్డ మొత్తం వెనక్కి వస్తుంది.

అందుకని కృష్ణప్ప తనకు తెలిసినది దట్టించాడు. గుడ్డ కోసుకున్నాక మగ్గం మీద మిగిలిపోయే పోగుల కొసలు ఉంటాయి. వాళ్లింట్లో వాటిని పారేయరు, తొక్కరు. కుండల్లో దాస్తారు. తాత నాటి కుండలు కూడా అటక మీదున్నాయి. వాటన్నిటినీ దించి, సందులో కర్రతో కూరి కూరి పెట్టాడు. నూలుకన్నా మెత్తనిది, వేడిని ఆపేది ఏముంటుంది అనుకున్నాడు. అతను మరిచిపోయిందల్లా ఒక్కటే. ఆ పోగులన్నీ బియ్యపు గంజి తాగిన పోగులు.

ఐసు వేలూరులో సోడా కంపెనీ నుంచి రావాలి. మధ్యాహ్నం బస్సులో ఊకలో పెట్టి, గోనెసంచిలో చుట్టి కండక్టరు తెస్తాడు. పళ్ళికొండ వచ్చేసరికి సగం కరిగిపోతుంది. ఆ నీళ్లు ఎవరి మూటలోకో కారతాయి. గొడవలు. గుడియాత్తంలో దిగేసరికి బుర్రకాయంత మిగిలితే గొప్ప.

"ఇదేనా నేను చెప్పిన గడ్డ? ఎవరు నాకినారు?"

"ఎండనడుగప్పా. నన్నడిగితే?" అంటాడు కండక్టరు.

రోజూ ఇదే రామాయణం. ఆ గడ్డ పెట్టెలో పెట్టగానే కృష్ణప్ప గాజుపుల్ల చూసేవాడు. గీత దారానికి ఎంతో కింద ఉండేది. తృప్తిగా మూత వేసేవాడు. మాటిమాటికి తెరిస్తే చల్లదనం పోతుందని మళ్లీ చూసేవాడు కాదు.

పంకజాన్ని, సీసాలను ఇంటికి తెచ్చుకున్నాక పది రోజులు బాగానే గడిచాయి. తర్వాత వాసన మొదలైంది. పులిసిన వాసన. మొదట ఐసును అనుమానించాడు, చెరువు నీళ్లతో చేస్తున్నారని కండక్టరు మీద అరిచాడు. తర్వాత ధర్మలింగాన్ని తిట్టాడు. సున్నం పూసి కడిగాడు. వాసన ఇంకా పెరిగింది.

ఆ శుక్రవారం పంకజానికి మళ్లీ దాహం పట్టింది. పొద్దున సూది వేశాడు, సాయంత్రం సూది వేశాడు. శనివారం పొద్దున ఆమె గోడ పట్టుకుని కూడా లేవలేకపోయింది. కృష్ణప్ప పరుగెత్తి పెట్టె తెరిచాడు. ఐసు ఎప్పుడో కరిగిపోయింది. లోపల చెయ్యి పెడితే చల్లగా కాదు, గోరువెచ్చగా తగిలింది. గాజుపుల్లలో గీత దారం దాటి రెండు వేళ్లు పైన ఉంది. బయట వసారాలో కూడా అంత వేడి లేదు! సీసా ఎత్తి వెలుతురులో పట్టుకుంటే మందు కలిగంజిలా మసకేసి ఉంది.

తగరపు రేకు అతుకులోంచి ఐసునీళ్లు సందులోకి దిగుతూ వచ్చాయి. గంజి తడిసింది, పులిసింది. దోసెపిండి పులిసేటప్పుడు కుండ వెచ్చబడుతుంది చూడండి, అలా పెట్టె మొత్తం లోపల్నుంచి ఉడుకుతోంది. ఇంటికి చల్లదనం కోసం తెచ్చిన వస్తువు, ఇంటికన్నా వేడిగా ఉంది. దానికి కారణం అతను చేతులారా కూరిన నూలే.

బస్సులో భార్యను ఒళ్లో పడుకోబెట్టుకుని వేలూరు పోయాడు. ఆరోకియమేరి అతన్ని చూసి ముందు పంకజానికి సూది వేయించి, తర్వాత అతని వైపు తిరిగింది.

"ఏందన్నా ఇది? సీసా చూడకుండానే పొడిచినావా?"

"పెట్టె గట్టిదమ్మా. టేకు," అన్నాడు. ఆ మాట అంటూంటే అతనికే సిగ్గేసింది.

"పెట్టె నాకెందుకు? ఇంకో రెండు సీసాలిస్తా. ఈసారీ చెడిపోయిందంటే నేనేం చెయ్యలేను. అక్క ఇక్కడే ఉండాల్సొస్తాది."

నాలుగు రోజులకు ఇంటికొచ్చారు. సీసాలు చేతిలో ఉన్నాయి, పెట్టడానికి చోటు లేదు. బయట నడివేసవి కత్తిరి ఎండ. కృష్ణప్ప సీసాలను తడిగుడ్డలో చుట్టుకుని పిచ్చివాడిలా ఇల్లంతా తిరిగాడు. నీళ్లకుండ మీద గాజుపుల్ల పెట్టి చూశాడు, గీత దారం తాకింది. బియ్యం డబ్బా వెనక చూశాడు, దాటింది. పెట్టెను కాలితో తన్నాడు. టేకు కదా, వేలు వాచింది.

మంచం మీద నుంచి పంకజం నీరసంగా అంది. "నీ నూలు కండెలు యాడ పెడతావయ్యా?"

"ఇప్పుడు కండెల మాట ఎందుకే?"

"పేక కండెలు ఎండిపోతే పోగు తెగతాదని తడిగుడ్డ కప్పి యాడ పెడతాండావు? ముప్పై ఏండ్లుగా నీ కాళ్లకాడ పెట్టుకోనుండావే. నూలుకు చేసిన మర్యాద నాకు చెయ్యకూడదా?"

కృష్ణప్ప గునపం అందుకున్నాడు. మగ్గం గుంటలోకి దిగాడు. మోకాలి పక్కన గోడలో గూడు తవ్వాడు. చిన్నకుండ, పెద్దకుండ, నడుమ తడి ఇసుక, పైన తడిగుడ్డ. లోపల సీసాలు, గాజుపుల్ల. ఒక పూట ఆగి తీశాడు. గీత దారానికి కిందే ఉంది. మళ్లీ చూశాడు. కిందే.

అక్కడితో కష్టాలు తీరాయంటే అదీ లేదు. మిట్టమధ్యాహ్నం అతను గుంటలో కూర్చుని తొక్కుతుంటే ఒంటివేడికి, కదలికకు ఇసుక ఆరిపోయి గీత పైకి పాకేది. కాబట్టి ఎండ ముదిరే వేళకు మగ్గం ఆపి, గుంట మీద చాప కప్పి, వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేవాడు. వాళ్లలో అది ఆడవాళ్ల పని. చెల్లమ్మకు ఇంతకన్నా ఏం కావాలి?

"ఏం కృష్ణప్పక్కా, కండెలు చుడతాండావా? పూలు తెచ్చిస్తా, పెట్టుకో."

"తెచ్చియ్యి. నీ మొగుడికి కూడా రెండు మూరలు తీసిపెట్టు," అని కసిరేవాడు. పోగు తెంపుకునేవాడు. రాట్నాన్ని తిట్టేవాడు. అరగంటకోసారి లేచిపోయి చాప ఎత్తి చూసేవాడు. లోపల పంకజం నవ్వడం వినపడేది. అప్పుడు కొంచెం సేపు తిట్టేవాడు కాదు.

పెట్టెలో చెల్లమ్మ కోళ్లు రెండు చేరాయి. ఎవరైనా చూసి నవ్వితే, "నవ్వుకోండి. చెక్క చూడండి ఎట్లుండాదో," అనేవాడు.

పదిహేను రోజులకోసారి మందుకు పోయినప్పుడల్లా ఆరోకియమేరి అడిగేది. "అన్నా, గాజుపుల్ల?"

"మరిచిపోయినానమ్మా."

రెండు నెలలు అలాగే మరిచిపోయాడు. చివరికి ఆమె కండక్టరుతో కబురు పంపింది. వార్డులో రెండోది పగిలిపోయిందట, ఉన్నదొక్కటీ కృష్ణప్ప దగ్గరేనట, వెంటనే కావాలట.

"ఇచ్చేసి రా. అంత చేసిన మనిషి," అంది పంకజం. "గుంట యాడికీ పోదు."

"గుంట పోదే. ఎండ వస్తాది కదా. నాకెట్ల తెలుస్తాది?"

"చెయ్యి పెట్టి చూడు."

"పెట్టెను కూడా చేత్తోనే కదా చూసినాను," అన్నాడు.

అయినా తప్పదని పొద్దున బస్సెక్కాడు. గాజుపుల్లను లుంగీ ముక్కలో చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నాడు. పళ్ళికొండలో బస్సు నీళ్లకు ఆగింది. దిగి నీడన నిలబడి, ఊరికే ఒకసారి విప్పి చూశాడు. తెల్లగీత ఎర్రదారం దాటి పైకి పోయి ఉంది. ఇంకా పది గంటలు కూడా కాలేదు.

ఎర్రదారం కొంచెం జారినట్టుంటే గోటితో సరిచేశాడు. కండక్టరు ఎక్కమని కేకేశాడు.

"నువ్వు పో అప్పా. నర్సమ్మకు చెప్పు, రేపు తెస్తానని."

ఎదురుగా గుడియాత్తం పోయే బస్సు వస్తోంది. కృష్ణప్ప గాజుపుల్లను మళ్లీ గుడ్డలో చుట్టి, రోడ్డు దాటి, దానికి చెయ్యెత్తాడు.