మొదటి గంట నీళ్లు

పదకొండేళ్ల కిందట, ఫిబ్రవరిలో, నన్ను టాంజానియాలో మేరు పర్వతం కింద ఉన్న ఒక చిన్న పట్టణానికి పంపారు. అప్పుడు నేను మ్యూనిక్ పక్కన గార్చింగ్‌లో ఒక నీటి ఇంజినీరింగ్ సంస్థలో సీనియర్ ఫీల్డ్ ఇంజినీర్ని. అక్కడి బడి కోసం తవ్విన లోతైన బోరుబావిని పరీక్షించి, నీళ్లు తాగొచ్చని ధ్రువీకరించడం నా పని. నడుం నొప్పితో యాభై మూడేళ్లకే ఉద్యోగం మానేశాను. ఇప్పుడిది రాయడానికి కారణం, ఆ ధ్రువపత్రంలో రెండు గడులను నేను అబద్ధంతో నింపడం.

మేరు అంటే మనకు పురాణాల కొండ. ఇది మాత్రం అగ్నిపర్వతం. ఆ రాళ్లలో ఊరే నీటిలో ఫ్లోరైడ్ ఉంటుంది. ఫ్లోరైడ్ గురించి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. మాది నల్లగొండ జిల్లా. మా చిన్నాన్న నలభై ఏళ్లకే వంగిపోయి, కర్ర లేనిదే గడప దాటలేకపోయాడు. గోధుమరంగు చారలున్న నా పై పళ్లకు మ్యూనిక్‌లో తెల్లటి తొడుగులు వేయించుకున్నాను.

జిల్లా నీటి కార్యాలయం నుంచి నీమా అనే టెక్నీషియన్ నాకు తోడుగా వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. మొదటి రోజు నేను నవ్వినప్పుడు నా నోటివైపు చూసి, "పైవి కొన్నవి ఇంజినీర్ గారూ, కింది వరస మాత్రం మా ఊరిదే" అంది. ఆమె పళ్లూ అలాగే ఉన్నాయి. ఇద్దరం నవ్వుకున్నాం.

కొత్త బోరును ఇరవై నాలుగు గంటలు ఆపకుండా పంపుతో తోడాలి. మొదట వచ్చేది పైపొరల్లోని వాననీరు. దాంట్లో ఫ్లోరైడ్ తక్కువ. తోడేకొద్దీ ఏళ్ల తరబడి రాతిలో నిలిచిన నీరు పైకొస్తుంది. పిల్లలు రోజూ తాగబోయేది అదే. అందుకే చివరి గంటలో నమూనా పట్టి, అక్కడికక్కడే మీటరుతో కొలిచి, పట్టిన సమయం, పట్టినవారి పేరు ఫారంలో రాయాలి.

జనరేటర్ రెండు రోజులు మొరాయించింది. మంగళవారం పొద్దున గానీ పంపు నడవలేదు. ఆ సాయంత్రమే నా విమానం. ఆఫీసు నుంచి సలీం ఫోన్ చేశాడు. హైదరాబాద్ వాడు, మా ప్రాజెక్టుల షెడ్యూళ్లు చూసేవాడు.

"అన్నా, గురువారం అబ్‌నామె టెర్మిన్ ఉంది. ఇది పోతే మళ్ల నెల దాంక దొరకది. ఇయ్యాల ఎక్కుతున్నవ్ గదా?"

అబ్‌నామె అంటే పూర్తయిన పనిని అప్పగించే సమావేశం, టెర్మిన్ అంటే దానికి ఖాయమైన తేదీ. నా సంతకమున్న ఫారం లేకుండా అది జరగదు.

"ఎక్కుతున్న తమ్మీ. నీళ్లు మంచిగనే ఉన్నయ్" అన్నాను. అప్పటికి నేనేమీ కొలవలేదు.

పంపు గంటసేపు నడిచాక సీసా పట్టి కొలిచాను. ఫ్లోరైడ్ విలువ తాగునీటి హద్దుకు లోపలే ఉంది. నీమా తల అడ్డంగా ఊపింది. "ఇది మొన్నటి వానల నీరు. రేపు పొద్దున కొలవాలి" అంది. తర్వాత ఒక గ్లాసు నింపి నా ముందు పెట్టింది. నేను అలవాటుగా బ్యాగులోంచి కొన్న నీళ్ల సీసా తీసి తాగాను.

"మీరు తాగరు. మా పిల్లలు తాగొచ్చంటారు" అంది.

విమానంలో ఫారం నింపాను. సమయం గడిలో 'ఇరవై నాలుగో గంట' అని రాశాను. ఆ గంటకు నేను ఆ దేశంలోనే ఉండను కాబట్టి, పట్టినవారి గడిలో నా పేరు కుదరలేదు. నీమా పేరు రాశాను.

బుధవారం మ్యూనిక్‌లో దిగి ఎస్-బాన్ లోకల్ రైలు ఎక్కాక ఆమె మెసేజ్ వచ్చింది. చివరి గంట విలువ హద్దుకు మూడింతలు, పక్కనే మీటరు ఫోటో. ఆమె మీటరు సరిగా ఉండి ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి సోమవారం రెండు మీటర్లనూ సరిచూసింది నేనే. గురువారం సంతకం పెట్టాను.

నాలుగేళ్లకు ఆ బడి పిల్లల పళ్ల మీద చారలు కనిపించాయి. బోరు మూసేశారు. విచారణలో నమూనా తప్పుగా పట్టిందని నీమాను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె తన ఫోన్లో ఫోటో చూపించిందట. జర్మనీ ముద్ర ఉన్న కాగితం ముందు అది నిలవలేదు. మా ఆఫీసు నన్ను అడిగింది ఒకటే: ఫారంలోని వివరాలు సరైనవేనా? సరైనవేనని జవాబు రాశాను.

పోయిన చలికాలం, జరిగింది జరిగినట్టు రాసి సంస్థకు, జిల్లా కార్యాలయానికి, నీమాకు పంపాను. సంస్థ మర్యాదగా బదులిచ్చింది: ఫైలు భద్రపరచాల్సిన గడువు ముగిసింది, కాగితాలు నాశనం చేశాం. జిల్లా కార్యాలయం పలకలేదు. నీమా మాత్రం ఆ పాత ఫారం ఖాళీ ప్రతి ఒకటి జతచేసి, రెండు వాక్యాలు రాసింది. "క్షమాపణ నాకు పనికిరాదు. ఇది సరిగ్గా నింపి పంపండి."

నింపి పంపాను. సమయం: మొదటి గంట. పట్టినవారు: నేను. దానితో ఆమెకు ఉద్యోగం తిరిగి రాలేదు, ఆ పిల్లల పళ్లూ మారవు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. మీరు తాగని నీటికి సంతకం పెట్టకండి. పెట్టాల్సివస్తే, పట్టినవారి గడిలో మీ పేరే రాయండి.