వాడిపట్టి చేలో దిగిన విమానం

అరవైల మధ్యలో నేను కోయంబత్తూరులో ఒక నూలుమిల్లు వారి చిన్న విమానానికి మెకానిక్‌గా ఉండేవాణ్ణి. మా నాన్న అదే మిల్లులో స్పిన్నింగ్ మేస్త్రీ. ఒకే ఇంజను, నాలుగు సీట్ల ఆ విమానంలో డైరెక్టర్లు మదురైలోని తమ రెండో మిల్లుకు వెళ్ళి వస్తుండేవారు. నడిపేది వరదరాజు. నాకంటే పదేళ్ళు చిన్న. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పనిలో ఇంగ్లీషు, మా ఇద్దరిదీ ఒకే తీరు.

ఐప్పసి నెల, అంటే అక్టోబరు చివరి వానలు పడుతున్న రోజులు. ఒక ఉదయం డైరెక్టర్లను తీసుకురావడానికి వరదరాజు ఒంటరిగా మదురై బయల్దేరాడు. పది గంటలకు ఫోను వచ్చింది. ఇంజను ఆగిపోయి వాడిపట్టి దగ్గర చేలో దిగాడట. ప్రాణాలతోనే ఉన్నాడు.

మేనేజరూ నేనూ జీపులో చేరేసరికి మధ్యాహ్నం దాటింది. జొన్న కోసిన మెట్ట చేలో విమానం ఎడమ చక్రం కాలు వంగి, ఒరిగి నిలబడి ఉంది. వరదరాజు నుదుటికి తుండుగుడ్డ కట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"దిండిగల్ దాటినాక, దిగుదామని థ్రాటిల్ తగ్గిస్తినన్నా" అన్నాడు. థ్రాటిల్ అంటే ఇంజను జోరు పెంచి తగ్గించే పిడి. "ఇంజను కొంచెం కొంచెంగా సోలిపాయ. మళ్ళీ తోస్తే పలకలే."

ట్యాంకులో పెట్రోలు సగానికి పైగా ఉంది. సీసాలోకి పట్టి చూశాను, నీటి చుక్క లేదు. కార్బురేటర్ విప్పాను. పెట్రోలును గాలిలో కలిపి ఇంజనుకు అందించే గిన్నె లాంటి భాగం అది. లోపల నలుసు లేదు, పొడిగా మెరుస్తోంది. అది మళ్ళీ బిగించి, రెక్క కింద దుంగలు పెట్టించి స్టార్ట్ చేస్తే ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

ఆ శబ్దం విని వరదరాజు ముఖం పాలిపోయింది. "నేను పొయ్ చెప్పలేదన్నా" అన్నాడు. అబద్ధం అనడానికి మేము వాడే మాట అది.

"మెషిన్‌లో తప్పు లేదంటే మనిషిదే తప్పు, డేవిడ్" అన్నాడు మేనేజరు నాతో. "అట్లే రాసి సంతకం పెట్టు. వేరే పైలట్‌ను చూసుకుంటాము."

నేను చేతులు తుడుచుకుంటుంటే, ఆ చేను గలావిడ గుర్వమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. మా తెలుగు మాటలు విని ఆశ్చర్యపోయింది. "మీదీ మన పేచ్చేనా!" అని, ఇంజను వైపు చూసి, "నేనొగటి అడగతా సామీ. దీనికి కూడా చెమట పోస్తాదా?" అంది.

"ఎందుకమ్మా?"

"పొద్దున దిగంగానే ఈ అయ్య మూత తెరిసి పెట్టె. మొగాన నెత్తురని నేను నీళ్ళు తెస్తి. వంగి చూస్తే పైనంతా సెగ కొడతా ఉండాది. కింద ఆ గిన్నె మాత్రం కొత్త కుండ మాదిరి చెమట పట్టి ఉండె. తాకి చూస్తి, జిల్లుమనె."

ఆమె చూపించింది కార్బురేటర్‌ని.

నేనందుకున్న మజ్జిగ చెంబు తాగకుండానే చేతిలో ఉండిపోయింది. విమానాలకు మంచు అంటే చలిదేశాల్లో రెక్కల మీద పేరుకునేదే అని నా మనసులో పాతుకుపోయింది. కానీ శిక్షణలో మరొకటీ చదివాను. సూది వేసే ముందు నర్సు చేతికి స్పిరిట్ రాస్తే చల్లబడుతుంది కదా, పెట్రోలు ఆవిరవుతూ కార్బురేటర్‌ను అలాగే చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే, బయట వెచ్చగా ఉన్నా లోపల మంచు కట్టి దారి మూసేస్తుంది. థ్రాటిల్ తగ్గించినప్పుడు మరీ సులువుగా కడుతుంది. మేము వచ్చేలోగా కరిగి, ఆరిపోయింది. దానికి విరుగుడుగా కార్బ్ హీట్ అనే పిడి ఉంటుంది. లాగితే పొగగొట్టం పక్కనుంచి వేడిగాలి కార్బురేటర్‌లోకి వస్తుంది.

వరదరాజు కొత్తగా చేరిన రోజు ఆ పిడి గురించి నన్ను అడిగాడు. నేను నవ్వి, "అది చలిదేశపోళ్ళకి తంబీ. మన ఊళ్ళో దాంతో ఏం పని?" అన్నాను. అతను దాన్ని ఎన్నడూ ముట్టలేదు.

మేనేజరుతో మాత్రం, "చక్రం బాగు చేసి, ఒకసారి ఎగిరి చూసి గానీ రాయను సార్" అన్నాను. నేను వరదరాజుకు చెప్పిన మాట సంగతి ఎత్తలేదు. మర్నాడు వరదరాజు ఇంటికి వెళ్ళి మంచు సంగతీ, ఆనాడు నేనన్న మాటా అతనికి చెప్పాను.

"నేనూ చదివినోణ్ణే గదన్నా. మీ ఒక్కరి తప్పు ఎట్లయితాది?" అన్నాడు. అతనే తప్పు పంచుకున్నాక, మేనేజరు దగ్గర నా మాట దాచే దారి నాకు మిగల్లేదు.

విమానాన్ని లారీలో కోయంబత్తూరు తెచ్చి చక్రం అమర్చాక, వాన వెలిసిన ఒక ఉదయం ఇద్దరం పైకి వెళ్ళాం. ఇంజను ఆగినా రన్‌వేకి చేరగలిగే ఎత్తు చూసుకుని అతను థ్రాటిల్ తగ్గించాడు. కొద్ది నిమిషాలకు ఆర్‌పీఎం ముల్లు మెల్లగా పడిపోసాగింది. ఇంజను తిరిగే వేగం చూపే ముల్లు అది. థ్రాటిల్ తోసినా లేవలేదు.

"ఇదేనన్నా! ఆ పొద్దు ఇట్లే ఆయె!"

"పిడి లాగు."

లాగాడు. ఇంజను దగ్గింది, విమానమంతా వణికింది, ముల్లు ఇంకా పడింది. అతని చెయ్యి పిడిని వెనక్కి తోయబోయింది. నేను ఆ చేతిని పట్టుకున్నాను. "మంచు కరిగి నీళ్ళు పోతున్నాయి. ఓర్చుకో." అరనిమిషం ఉంటుందేమో. తర్వాత ఇంజను గొంతు సవరించుకున్నట్టయి నిండుగా మోగింది. వరదరాజు చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని విమానాన్ని రన్‌వే వైపు తిప్పాడు.

రిపోర్టులో కార్బురేటర్ మంచు అని రాసి, పిడి అక్కర్లేదని పైలట్‌కు చెప్పింది నేనేనని కూడా రాశాను. మేనేజరు చదివి, "ఇది నిన్నెవరు అడిగినారు?" అన్నాడు. వరదరాజు ఉద్యోగం నిలిచింది. ఆరునెలల పాటు నా పనిని ఇంకో మెకానిక్ వచ్చి చూసి సంతకం పెట్టేవాడు. అంతకాలం విమానం చుట్టూ తలవంచుకునే తిరిగాను.

పాడైన యంత్రం దగ్గరికి వెళ్తే, విప్పేముందు అక్కడ ఎవరున్నారో, ఏం చూశారో అడగడం అప్పుడు అలవాటైంది. ఫలానాది మనకు అక్కర్లేదు అనే మాట నా నోట మళ్ళీ రాలేదు. ఏ పైలట్ చేరినా మొదటిరోజే ఆ పిడి చూపించి, "లాగితే ముందు ఇంకా మొరాయిస్తాది, బెదిరి వెనక్కి తోయొద్దు" అని చెప్పేవాణ్ణి. ఎందుకంత గట్టిగా చెబుతున్నానని అడిగితే, ఇదంతా చెప్పేవాణ్ణి.