బటన్ మీద ఆగిన బొటనవేలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో, నేను పనిచేస్తున్న ప్రభుత్వాసుపత్రి నుంచి నన్ను డిప్యుటేషన్ మీద నారాయణగూడలోని ఒక పరిశోధన కేంద్రానికి పంపారు. అప్పటికి నేను చీఫ్ ఆడియాలజిస్టును. అంటే వినికిడి పరీక్షల విభాగంలో నా పైన ఇంకో ఆడియాలజిస్టు లేరని అర్థం. ఆ మాటకొస్తే నా కింద కూడా ఒక్కరే ఉండేవారు. రిటైర్మెంట్ దగ్గరపడిన మనిషిని ఎటు కదిపినా అడ్డు చెప్పదని పంపారనుకుంటాను. నేనూ చెప్పలేదు. మా ఇల్లు చిక్కడపల్లిలో. ఆసుపత్రికి రెండు బస్సులు మారే బాధ తప్పి, నడిచి వెళ్లి నడిచి రావడం మొదలైంది.

చిన్న వయసులోనే స్ట్రోక్ వచ్చినవాళ్లకు వినికిడిలో ఏం తేడా వస్తుందన్నది అక్కడి పరిశోధన. స్ట్రోక్ అనగానే జనం కాలూ చెయ్యీ పడిపోవడం అనుకుంటారు. వినడం చెవి దగ్గర మొదలవుతుంది గానీ పూర్తయ్యేది మెదడులో. చెవి శబ్దాన్ని పట్టి పంపిస్తే, అది మాటో మోతో తేల్చుకోవడం మెదడు పని. ఆ రెండో పని ఎక్కడ దెబ్బతింటుందో తెలుసుకోవాలని మా ప్రయత్నం. దానికి పెద్ద, న్యూరాలజిస్ట్ అయిన డాక్టర్ రఘురాం. నాకంటే బాగా చిన్నవాడు, చాలా తెలివైనవాడు. తెలివైనవాడినన్న సంగతి ఆయనకూ తెలుసు.

ఇలాంటి పరిశోధనలో రోగులతో పాటు అదే వయసున్న ఆరోగ్యవంతులను కూడా పరీక్షించాలి. లేకపోతే దేనితో పోల్చి ఎక్కువ తక్కువలు చెబుతాం? ఆ వయసువాళ్లు మాకు వెతక్కుండానే దొరికారు. పక్కనే అశోక్‌నగర్. అక్కడి హాస్టళ్ల నిండా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. మా సౌండ్‌ప్రూఫ్ గదిలో ఏసీ ఉంటుందని తెలిశాక, పిలవనివాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు.

పరీక్ష చూడటానికి చాలా సులువు. మనిషిని ఆ గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి ఒక బటన్ ఇస్తాం. బయట అద్దం ఇవతల ఆడియోమీటర్ ముందు నేను కూర్చుంటాను. కూత లాంటి ఒక శబ్దం పంపుతాను. వినబడితే బటన్ నొక్కాలి. నొక్కగానే నా దగ్గర దీపం వెలుగుతుంది. నొక్కినకొద్దీ శబ్దం తగ్గిస్తూ పోతాను, నొక్కకపోతే కాస్త పెంచుతాను. అలా ఆ మనిషికి వినబడే అతి సన్నని శబ్దం ఎంతో తేలుతుంది. దాన్ని గ్రాఫు మీద గుర్తు పెడితే ఆడియోగ్రామ్.

విచిత్రమేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న ఆ హాస్టల్ పిల్లల్లో చాలామందికి వినికిడి మందంగా వచ్చింది. రఘురాం ఆట్టే ఆలోచించలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పొద్దస్తమానం ఆన్‌లైన్ క్లాసులు వింటే ఇంకేమవుతుందన్నాడు. దాని మీద విడిగా ఒక పేపర్ రాయవచ్చని ఉత్సాహపడ్డాడు కూడా. నాకు ఆ మాట గొంతు దిగలేదు. మోత వల్ల పాడైన చెవికి ముందు కీచు శబ్దాల దగ్గర దెబ్బ కనిపిస్తుంది, గ్రాఫు అక్కడ గోతిలో పడ్డట్టు దిగుతుంది. ఈ పిల్లల గ్రాఫులు మొదటి నుంచి చివరి దాకా బల్లపరుపుగా ఉన్నాయి. ఆ సంగతి చెబితే, చూద్దాం మేడం అన్నాడు. చూద్దాం అంటే చూడను అని అర్థం చేసుకునేంత సర్వీసు నాకుంది.

అలాంటి రోజుల్లో మమత వచ్చింది. సిద్దిపేట వైపు పల్లెటూరి పిల్ల. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ ఏళ్ల తరబడి చదివి, కేంద్ర ప్రభుత్వ శాఖలో ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కింది. ఫలితాలు రాకముందు ఎండాకాలంలో ఆమెకు స్ట్రోక్ వచ్చింది. మెదడు నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే సిరలో గడ్డ కట్టి, కుడి కణత లోపలి భాగం కొంత దెబ్బతింది. మందులతో కోలుకుంది. నడకా మాటా ఇప్పుడు మామూలే. ఒక్క ఇబ్బంది మాత్రం మిగిలింది. హాస్టల్ మెస్సులో పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే పక్కనున్న స్నేహితురాలు ఏమంటోందో అందడం లేదు. ఉద్యోగానికి మెడికల్ బోర్డు ముందు హాజరు కావాల్సిన రోజు దగ్గర్లోనే ఉంది. వినికిడి ఒక హద్దు దాటి తగ్గితే ఆ పోస్టుకు పనికిరాదని రాసేస్తారు. అందుకే మా రిపోర్టు పట్టుకుని వెళ్లాలనుకుంది.

ఆమె ఆడియోగ్రామ్ చూసి నేనే తెల్లబోయాను. రెండు చెవులూ ఒకే తీరుగా, హద్దుకు అవతలికి దిగిపోయాయి. అది కుదిరే పని కాదు. మెదడులో ఒక పక్క దెబ్బ తగిలినంత మాత్రాన రెండు చెవులూ జతగా మందగించవు. పైగా నేను తలుపు దగ్గర నిలబడి, నోరు కనిపించకుండా పక్కకు తిరిగి, మెల్లగా ఊరి పేరు అడిగితే తడుముకోకుండా చెప్పింది. గ్రాఫు నిజమైతే ఆ ప్రశ్న ఆమెకు అందకూడదు.

రఘురాం కాగితం చూసి, నటిస్తోందన్నాడు. మా వృత్తిలో అది కొత్త అనుమానమేమీ కాదు. వికలాంగుల కోటా కోసం చెవుడు నటించేవాళ్లు నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా ఒకరిద్దరు తగులుతారు. మాటలు అందుకునే తీరుకూ గ్రాఫుకూ పొంతన లేకపోవడమే వాళ్లను పట్టించే ఆనవాలు. పొంతన లేదని రాసి పంపేయమన్నాడు. ఆ మాట రిపోర్టులో పడితే బోర్డు దృష్టిలో ఆ పిల్ల చెవిటిదైనా అవుతుంది, దొంగైనా అవుతుంది. రెండింట్లో ఏదైనా ఉద్యోగం దక్కదు.

నాకు కోపం వచ్చింది. “డాక్టర్ గారూ, ఈ పిల్ల రాసింది కోటాలో కాదు. చెవుడని తేలితే రాబోయే ఉద్యోగం పోతుంది. చేతికొచ్చినదాన్ని పోగొట్టుకోవడానికి ఎవరైనా నాటకం ఆడతారా?” అన్నాను. మెదడుకు దెబ్బ తగిలిన మనిషి ఎందుకేం చేస్తుందో మనం చెప్పలేమన్నాడు. ఆ ‘మనం’ అంటే నేనని, నాకది చేతకాదని ఆయన ఉద్దేశం. సరే, ఇంకోసారి పరీక్ష చేసి అప్పుడే రాస్తానన్నాను. ఆయన హోదా పెద్దదే గానీ ఆడియోగ్రామ్ కింద సంతకం నాది.

ముందు బెరా అనే పరీక్ష చేశాను. ఇందులో మనిషి నొక్కేదీ చెప్పేదీ ఉండదు. తలకు తీగలు అతికించి చెవిలో టిక్కు టిక్కుమని శబ్దం పంపితే, మెదడు కింది భాగం దాకా ఆ కబురు చేరిందో లేదో యంత్రమే గీతల్లో చూపిస్తుంది. మమత హాయిగా నిద్రపోయింది. గీతలు చక్కగా వచ్చాయి. సన్నని శబ్దాలు కూడా రెండు వైపులా లోపలికి చేరుతున్నాయి. చెవులకు ఏ లోపమూ లేదు.

తర్వాత మళ్లీ బటన్ పరీక్షకు కూర్చోబెట్టాను. ఈసారి గ్రాఫు సంగతి పక్కనపెట్టి, అద్దంలోంచి ఆమెనే చూస్తూ ఉన్నాను. శబ్దం బాగా తగ్గించి పంపాను. ఆమె తల కొంచెం ఒరిగింది. బొటనవేలు బటన్ మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ఇంకోసారి పంపాను. మళ్లీ అదే తంతు. దీపం మాత్రం వెలగలేదు.

తలుపు తీసి లోపలికి వెళ్లి, ఇప్పుడు వినబడిందా లేదా అని అడిగాను.

“వినవడ్డట్టే అనిపిచ్చింది మేడం. గని గ్యారంటీ లేదు. అందుకే ఒత్తలే.”

“సన్నగా వినబడ్డా నొక్కమని మొదట్లోనే చెప్పాను కదమ్మా?”

“సన్నగ వినవడితె ఒత్తిన మేడం. డౌట్ ఉన్నయే ఇడిచిపెట్టిన. డౌట్ ఉంటె బబ్లింగ్ చెయ్యొద్దు గద? తప్పైతె వచ్చిన మార్కులు గూడ కట్ అయితయ్.”

నాకు నవ్వు ఆగలేదు. ఆమె బిక్కమొహం వేసింది. ఆ పిల్ల రాసిన పరీక్షల్లో తప్పు జవాబుకు మార్కు కోస్తారు. తెలిసినట్టు అనిపించినా రూఢిగా తెలియకపోతే గడి నింపకూడదని కోచింగ్‌లో రోజూ నూరిపోస్తారు. ఆ అలవాటుతోనే ఆమె గట్టెక్కింది. అదే అలవాటు ఇప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని మా గదిలో కూర్చుంది. పరీక్ష అనే మాట ఎక్కడ వినబడినా ఆమెకు ఒక్కటే పరీక్ష. హాస్టల్ పిల్లల బల్లపరుపు గ్రాఫులన్నీ నా కళ్లముందు తిరిగాయి.

“ఇందులో నెగెటివ్ మార్కులు లేవమ్మా. అనుమానమొచ్చినా నొక్కు. తప్పైనా ఏమీ పోదు,” అన్నాను.

అయితే అలవాటు ఒక్క మాటతో వదలదు కాబట్టి పద్ధతి కూడా మార్చాను. ఆమె ఎదురుగా రెండు దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. శబ్దం వాటిలో ఒకదానితోనే వస్తుంది. ఏ దీపంతో వచ్చిందో ప్రతిసారీ చెప్పి తీరాలి, వదిలేసే వీలు లేదు. ఇలా చేస్తే భయస్తుడికీ తెగించినవాడికీ ఫలితం ఒక్కలాగే వస్తుంది. మమత మొదట్లో “ఊకెనే చెప్తున్న మేడం, నిజంగ తెల్వదు” అని గొణుగుతూనే ఉంది. ఊరికే చెప్పినవి వరుసగా సరైనవే అవుతున్నాయి. గ్రాఫు మామూలు మనుషుల దగ్గరికి వచ్చి ఆగింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఆమె మొదట చెప్పిన మెస్సు ఇబ్బంది ఇంకా మిగిలే ఉంది. వెనక జనం గోల వినిపిస్తూ దాని మధ్యలో మాటలు పంపే పరీక్ష చేశాను. ఇందులో విన్న మాటను తిరిగి చెప్పాలి. కుడి చెవి బాగానే చెప్పింది. ఎడమ చెవికి మాటలు సగానికి సగం జారిపోయాయి. ఎడమ చెవి విన్నది ఎక్కువగా కుడి మెదడుకే చేరుతుంది కాబట్టి, కుడి పక్క దెబ్బకు అది సరిగ్గా సరిపోయే లోపం. ఊహించి చెప్పమన్నా అందలేదు. ఇది భయం కాదు, స్ట్రోకే.

రిపోర్టులో రెండు పేరాలు రాశాను. ఒకటి, శబ్దాలు వినే శక్తి రెండు చెవుల్లోనూ మామూలే. రెండు, గోలలో మాటలు అందడం ఎడమవైపు తగ్గింది. మమత చదివి మెల్లగా అడిగింది. “మేడం, పైది ఒక్కటే రాసియ్యరాదు? గా రెండోది జూస్తె నన్ను తీసేస్తరు.” రఘురాం కూడా ఆమె పక్షమే మాట్లాడాడు. బోర్డు అడిగేది మొదటిదే, అడగనిదానికి జవాబెందుకన్నాడు. నిన్న దొంగ అన్నవాడు ఇవాళ ఆమె మేలు కోరడం చూసి నాకు ముచ్చటేసింది.

నేను ఒప్పుకోలేదు. చెప్పడానికి చాలా కష్టంగా అనిపించింది, ఆ పిల్ల కళ్లలో నీళ్లు నిండాయి. రేపు నలుగురు మాట్లాడుతున్న చోట పై అధికారి చెప్పింది అందక పొరపాటు చేస్తే, అప్పుడు ఎవరూ స్ట్రోక్ అనరు, నిర్లక్ష్యం అంటారని చెప్పాను. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురుగా కూర్చుని చేసే పనికి ఏ ఇబ్బందీ లేదని మూడో వాక్యం చేర్చాను. అదీ నిజమే కాబట్టి చేర్చాను. ఆమె కాగితం తీసుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయింది. ఆ సాయంత్రం చిక్కడపల్లి దాకా నడుస్తూ నా మీద నాకే చిరాకు పడ్డాను. అయినా మర్నాడు అడిగినా అదే రాసేదాన్ని.

హాస్టల్ పిల్లలందరినీ తిరిగి పిలిచి దీపాల పద్ధతిలో పరీక్షించాం. వాళ్ల చెవులు నిక్షేపంగా ఉన్నాయి. ఇయర్‌ఫోన్ల పేపర్ ఆగిపోయింది. రఘురాం నొచ్చుకున్నాడు గానీ మొండికేయలేదు. పాత లెక్కలతోనే ముందుకెళ్లి ఉంటే, స్ట్రోక్ వచ్చినవాళ్లూ రానివాళ్లూ సమానంగా వింటున్నారని ప్రపంచానికి చాటేవాళ్లం.

కొన్నాళ్లకు మమత వచ్చింది. బోర్డువాళ్లు మా రిపోర్టు మొత్తం చదివి, రికార్డుల విభాగంలో పని ఇవ్వాలన్న షరతుతో తీసుకున్నారట. “ఆడ గూడ హెడ్‌ఫోన్ పెట్టిన్రు మేడం. డౌట్ వచ్చినప్పుడల్ల ఒత్తిన. మిషిన్ కాడున్న సార్ అద్దంల కెల్లి జూసి, ‘అమ్మా, జర ఆగు, నేనింకా సౌండే ఇయ్యలే’ అన్నడు,” అని చెప్పి తనూ నవ్వింది.

నేను రిటైరయ్యే దాకా ప్రతి మనిషికీ బటన్ చేతికిచ్చేటప్పుడు, ఇందులో నెగెటివ్ మార్కులు లేవని చెబుతూనే ఉన్నాను. ముషీరాబాద్ నుంచి వచ్చే పెద్దవాళ్లు, మాకెందుకమ్మా మార్కులు అని విసుక్కునేవారు. విసుక్కున్నా ఫరవాలేదు. బటన్ నొక్కేది చెవి కాదు, మనిషి. ఆ మనిషి దేనికి వెనకాడుతున్నాడో తెలుసుకోకుండా గీసిన గ్రాఫు కింద సంతకం పెట్టకూడదు. సర్వీసు మొత్తం ఆ అద్దం ఇవతలే కూర్చున్నా, దీపాన్ని కాక వేలిని చూడాలని నాకు తెలిసింది ఆ ఏడాదే.