మొదటి కప్పు ఇంకా అవ్వలేదు

మా బాబాయ్ కాఫీ మిషన్లు బాగుచేస్తాడు. హోటళ్లలో ఉండే పెద్దవి కాదు, ఇళ్లలో వంటగట్టు మీద పెట్టుకునే చిన్నవి. పిడిలో పొడి నింపి, బిగించి, మీట నొక్కితే చిక్కటి కాఫీ సన్నగా ధార కట్టి దిగే రకం. అంతకుముందు ఒక లాండ్రీలో బాయిలర్ దగ్గర పనిచేశాడు. అప్పుడు పడిన పేరు ఆవిరయ్య. వీధిలో ఆయన అసలు పేరు చెప్పి అడిగితే ఇల్లు చూపించేవాడు ఒక్కడూ లేడు.

ఆయన గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పొట్టి మనిషి. చదువు అంతంతమాత్రం. కుడిచెవి బాయిలర్ మోతకి ఎప్పుడో పోయింది. మిషను విప్పేముందు పొడవాటి స్క్రూడ్రైవర్ మొనని పంపు మీద ఆనిస్తాడు. రెండో కొసని ఎడమచెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంటాడు. చూసేవాళ్లకి నవ్వొస్తుంది. పిన్ని అయితే మొహం మీదే అనేస్తుంది.

"నేను గొంతు చించుకున్నా వినపడదు. ఇనుము గుసగుసలాడితే మాత్రం వినపడుతుంది ఈయనకి."

"ఇనుము ఒక్కసారే చెప్తుంది. నువ్వు చెప్పిందే చెప్తావు," అంటాడు బాబాయ్.

ఇంకో అలవాటు కూడా ఉంది. మిషనుకి ఏమైందో ఆయన సొంత మాటల్లో రాయడు. ఇంటివాళ్లు ఏమన్నారో అన్నది అన్నట్టే చీటీ మీద రాసి, చూపించి, సంతకం పెట్టించుకుంటాడు. "దగ్గుతోంది." "అలిగింది." "మా ఆయనలాగే, ఉరుముతుంది, పని చెయ్యదు." ఇలాంటి చీటీలన్నీ దుకాణంలో ఒక ఇనప చువ్వకి గుచ్చి ఉంటాయి. వాల్వు జామైంది అని రాస్తే సరిపోయేదానికి ఇదంతా ఎందుకని ఒకసారి అడిగాను.

"డాక్టరు దగ్గరికెళ్లి జబ్బు పేరు చెప్తావా, నొప్పి చెప్తావా?" అన్నాడు.

ఆ చీటీల్లో ఒకటి నా కంటపడింది. అందులో ఒక అక్షరం కొట్టేసి, దాని పక్కన ఎర్రసిరాతో ఇంకో అక్షరం దిద్ది ఉంది. ఎవరు దిద్దారని అడిగితే బాబాయ్ రెండు రోజులు మాట దాటేశాడు. మూడోరోజు చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

ఒక పొద్దున దుకాణానికి ఫోనొచ్చింది. ఆడగొంతు.

"మా మావయ్యగారు నాలుగు రోజుల్నుంచి ఏమీ తినట్లేదండీ."

"తల్లీ, నేను మిషన్లు బాగుచేసేవాణ్ణి."

"తెలుసండీ. అది బాగైతే ఆయన తింటారు. త్వరగా రండి, నిలబడితే తూలుతున్నారు."

బాబాయ్ సంచి తీసుకుని బయల్దేరాడు. మూడంతస్తుల మేడ, మెట్లన్నీ ఫినాయిల్ వాసన. పైఅంతస్తులో తలుపు తీసిన కోడలుపిల్ల ఆఫీసు బట్టల్లోనే ఉంది, సగం రోజు సెలవు పెట్టిందట. భర్త ఫ్యాక్టరీలో షిఫ్టుకి వెళ్లాడు. ఇరుకు వంటగది. గట్టు మీద మిషను, దాని ముందు ఒక కర్ర కుర్చీ, కుర్చీలో పెద్దాయన. చొక్కా జేబులో ఎర్రపెన్ను. బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. ఆయన బాబాయ్ వైపు చూడలేదు. కాఫీ దిగే గొట్టం వైపే చూస్తున్నాడు.

విషయం కోడలే చెప్పింది. అత్తయ్య పోయి ఎనిమిది నెలలు. కాఫీ మిషను ఆవిడది. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆవిడ పోయాక దుప్పటి చుట్టి బీరువా మీద పెట్టేశారు. నాలుగు రోజుల కిందట దులుపుతూ ఉంటే కనపడింది. మావయ్య ముచ్చటపడతాడు కదా అని దించింది.

"ముచ్చటపడ్డారా?"

"కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. ఇంక అంతే. నిద్రకి తప్ప లేవట్లేదు. పళ్లెం పెడితే, కాఫీ అయ్యాక అన్నట్టు దీని వైపు చూపిస్తారు. ఇదేమో చుక్క పొయ్యదు. నేను స్టవ్ మీద పెట్టిచ్చిన కాఫీ వద్దంటారు."

"దీన్ని నోరు విప్పించకుండా నేను కదలను, సరేనా," అన్నాడు బాబాయ్. అది ఆయన ఎక్కడికెళ్లినా అనే మాటే.

ట్యాంకు చూశాడు, నిండుగా ఉంది. తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాడు. పంపులో గాలి చేరితే నీళ్లు లాగదు కాబట్టి ఆవిరి గొట్టం తెరిచి గాలి వదిలాడు. ఆవిరి బుస్సుమని వచ్చింది. అంటే పంపు బాగుంది, బాయిలర్ వేడెక్కుతోంది. తప్పు కిందవైపు ఉండాలి. పొడి పిడి ఊడదీసి, ఊరికే నీళ్లు వదిలాడు. చుక్క రాలేదు. పైనున్న చిన్న జల్లెడ విప్పితే ఎనిమిది నెలల కాఫీ జిడ్డు నల్లగా గడ్డకట్టి కనపడింది.

"దొరికింది దొంగ," అన్నాడు.

వేడినీళ్లలో నానబెట్టాడు. పిన్నీసుతో ఒక్కో కన్నం పొడిచాడు. రబ్బరు వాషర్ మార్చాడు. వాల్వు కూడా విప్పి చూశాడు, శుభ్రంగా ఉంది, మీట నొక్కితే టక్కుమంటోంది. అన్నీ బిగించి, తన సంచిలోంచి కాస్త బరకగా ఉన్న పొడి తీసి పిడిలో నింపి, కింద కప్పు పెట్టి మీట నొక్కాడు.

పంపు మొదలైంది. పొడి మీద బరువు పడ్డప్పుడు ఎలా గొంతు తగ్గించాలో అలాగే తగ్గించింది. గదంతా కాఫీ వాసన కమ్ముకుంది. కప్పు మాత్రం పొడిగానే ఉంది.

ఆపి పిడి ఊడదీశాడు. లోపల పొడి తడిసి, ఉడికి, సారమంతా దిగిపోయిన ముద్దగా ఉంది. కాఫీ దిగింది. మరి ఎక్కడికి?

బాబాయ్ గట్టు మీద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూశాడు. పొడి. కింద పళ్లెం పొడి. మిషను ఎత్తి అడుగున తడిమాడు, పొడి. అప్పుడు ట్యాంకు మీద పెన్సిలుతో గీత గీసి, కొత్త పొడి వేసి మళ్లీ నొక్కాడు. నీళ్లు గీత కిందికి దిగాయి. సరిగ్గా ఒక కప్పంత. పాతికేళ్లలో నీళ్లు ఆయనకి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఎక్కడో ఒకచోట తేలేవి.

స్క్రూడ్రైవర్ ఆనించి, కళ్లు మూసుకుని, మూడోసారి మీట నొక్కాడు.

పంపు మోత. దాని కింద బాయిలర్ సన్నటి రొద. దాని కింద ఇంకో చప్పుడు.

గుటక.

కాసేపు ఆగి ఇంకో గుటక. మధ్యలో చిన్నగా గాలి ఊదినట్టు. వేడివేడిది ఊదుకుంటూ, ఏ తొందరా లేకుండా తాగే మనిషి గుటక.

బాబాయ్ మీట ఆపేశాడు. ప్లగ్గు కూడా లాగేశాడు. పంపు ఆగింది. గుటకలు ఆగలేదు. ఇంకో నాలుగు లెక్కపెట్టి కళ్లు తెరిచాడు. పెద్దాయన మొదటిసారి ఆయన మొహంలోకి చూస్తున్నాడు, విన్నావు కదా అన్నట్టు.

పెద్దాయన ఏదో అన్నాడు. పళ్లు లేని నోట్లో ఆ మాట సగం నలిగిపోయింది.

"పోయట్లేదు. తెలుసు మావయ్యా," అంది కోడలు. "అందుకేగా ఈయన్ని పిలిచింది." బాబాయ్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నాలుగు రోజుల్నుంచి ఇదొక్క మాటేనండీ. కట్టుడుపళ్లు పెట్టుకోమంటే, తినేటప్పుడు పెట్టుకుంటానని సైగ చేస్తారు. తినేది లేదు, పెట్టుకునేది లేదు."

బాబాయ్ అలవాటు ప్రకారం చీటీ తీసి రాశాడు. పోయట్లేదు. చీటీ పెద్దాయన ముందు పెట్టాడు.

పెద్దాయన జేబులోంచి ఎర్రపెన్ను తీశాడు.

"ఇంక అయినట్టే," అంది కోడలు, చాలా రోజుల తర్వాత కాస్త నవ్వు మొహంతో. "ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దారండీ. మా పెళ్లి శుభలేఖలో మూడు తప్పులు పట్టి మళ్లీ అచ్చేయించారు. మా నాన్న ఇప్పటికీ చెప్పుకుంటాడు."

పెద్దాయన చీటీ దగ్గరికి లాక్కున్నాడు. 'య' మీద అడ్డంగా గీత కొట్టి, అంచున ప్రూఫు గుర్తు పెట్టి, 'వ' అని రాశాడు. కింద సంతకం చేశాడు.

పోవట్లేదు.

కోడలు చదివింది. మొహంలో నవ్వు ఇంకా అలాగే ఉంది, కళ్లలో మాత్రం లేదు.

"ఎవరండీ?" అన్నాడు బాబాయ్.

పెద్దాయన మెల్లగా లేచి, కిటికీ దగ్గర గ్లాసులోని కట్టుడుపళ్లు తీసి పెట్టుకుని, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు అక్షరం అక్షరం విడిగా పలికింది.

"మొదటి కప్పు ఆవిడది. రెండోది నాది. ఈ మిషను కొన్నప్పట్నుంచీ అంతే. ఆవిడ తాగి లేస్తేనే నాకు పోసేది. నాలుగు రోజులైంది, మొదటి కప్పు ఇంకా అవ్వలేదు. ఆవిడ లేవట్లేదు. పోవట్లేదు."

"ఈలోపు మీరు కాస్త తినొచ్చు కదా సార్."

"నా వంతు రాలేదు కదా."

"ఎన్నాళ్లు చూస్తారు?"

"ఎన్నాళ్లో ఎందుకు? ఆవిడ ఇటు లేచి రాకపోతే, నేనే అటు వెళ్లి పిలుచుకొస్తాను." చాలా మామూలుగా అన్నాడు, పక్కవీధికి వెళ్లొస్తానన్నట్టు. "రేపో ఎల్లుండో."

కోడలు గట్టు అంచు పట్టుకుంది. ఎటు వెళ్లి పిలుస్తాడో ఆ పిల్లకి అర్థమైంది. బాబాయ్‌కీ అర్థమైంది. ఆ మనిషి ఒంట్లో ఇంకో రెండు రోజుల ఓపిక కూడా లేదు.

బాబాయ్ దేన్నీ నమ్మే మనిషి కాదు. ఆ మాటకొస్తే నేనూ కాదు. కానీ అక్కడ నమ్మకంతో పనేముంది? ముందు ఆ రెండిట్నీ విడదీయాలి, మిషనునీ కుర్చీనీ.

"దీన్ని నేను పట్టుకెళ్తాను సార్. దుకాణంలో విప్పి చూడాలి."

పెద్దాయన ఆలోచించాడు. "నన్నడుగుతావేం? ఆవిణ్ణడుగు," అన్నాడు.

బాబాయ్‌కి సిగ్గేసింది. కోడలు వంక చూశాడు. అడగండి అన్నట్టు తలాడించింది. ఆయన మిషను ముందు వంగి, గొంతు సవరించుకుని అన్నాడు.

"అమ్మగారూ, రండి. మూడంతస్తులు దిగాలి. మెట్లు జాగ్రత్త."

ట్యాంకు నీళ్లు తొట్లో ఒంపేసి, మిషను చంకలో పెట్టుకున్నాడు. అప్పుడు పెద్దాయన కాళ్లు పక్కకి జరుపుకుని దారిచ్చాడు. ఒక మనిషి పట్టేంత దారి చాలు. ఆయన కుర్చీ కూడా వెనక్కి లాగి, ఇద్దరు పట్టేంత ఇచ్చాడు.

మెట్లు దిగుతున్నంతసేపూ బాబాయ్ వెనక్కి తిరగలేదు. మిషనులో నీళ్లు లేవు, అయినా అడుగడుక్కీ లోపల ఏదో చిన్నగా తొణికింది.

దుకాణానికి వచ్చి బల్ల మీద పెట్టాడు. ట్యాంకు నింపాడు. పొడి పెట్టి, కప్పు పెట్టి, మీట నొక్కాడు. రెండు క్షణాలు ఆగి ధార మొదలైంది. తేనెరంగులో, ఎలకతోకంత సన్నగా, మధ్యలో తెగకుండా. ఇంత చక్కటి ధార తన చేతుల్లో ఏ మిషనూ పొయ్యలేదని అన్నాడు. కప్పు పక్కన పెట్టాడు. తాగలేదు.

సాయంత్రం కోడలు ఫోన్ చేసింది.

"తిన్నారండీ. మీరు గుమ్మం దాటిన పావుగంటకే పళ్లెం అడిగారు. ఇంకా కావాలని రెండోసారి వేయించుకున్నారు. ఇప్పుడు పడుకున్నారు." ఆగింది. "మిషను బాగైందాండీ?"

ఇక్కడే బాబాయ్ చిక్కుకున్నాడు. చిన్న నలతని పెద్ద రోగం చేసి చెప్పే మెకానిక్కులు చాలామంది ఉన్నారు. ఆయన ఆ జాతి కాదు. ప్లగ్గు సరిగ్గా పెట్టుకోలేదమ్మా, మిషనుకి ఏమీ కాలేదు, అని చెప్పి సంచి సర్దుకుని వచ్చేసిన ఇళ్లు ఎన్నో. మిషను సంగతిలో అబద్ధం ఆడలేదు, ఆడే అవసరమూ రాలేదు. బాగైంది అంటే అది వాళ్ల సొత్తు, తిరిగి వాళ్ల గట్టు మీదికే వెళ్లాలి. దాని ముందు కుర్చీ పడుతుంది. కుర్చీలో ఆయన కూర్చుంటాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఇది ఇంక బాగుపడేది కాదు."

అటువైపు ఆ పిల్ల చెవి రిక్కించినట్టుంది.

"ఆ చప్పుడేంటండీ? ఏదో పోస్తున్నట్టుంది."

బాబాయ్ బల్ల వైపు తిరిగాడు. మీట ఆపే ఉంది.

"పక్క మిషనమ్మా," అన్నాడు. అది రెండో అబద్ధం.

"మావయ్య లేచి అడిగితే ఏం చెప్పమంటారు?"

"అత్తయ్యగారి కప్పు అయిందని చెప్పు. లేచారని చెప్పు. ఇంక ఆయన వంతేనని చెప్పి, స్టవ్ మీద పెట్టి ఇవ్వు. తాగుతారు."

తాగాడట. మర్నాడూ తాగాడట. ఇప్పుడు పొద్దున్నే కింద వీధి చివరిదాకా నడిచి వస్తున్నాడని కోడలు చెప్పింది. దారిలో కొట్ల బోర్డుల మీద తప్పులు చూపించి జనంతో తిట్లు తింటున్నాడట. మిషను మాట ఎత్తలేదు.

అది దుకాణంలో లోపలిబల్ల మీదే ఉంది. ఎవరైనా అమ్ముతావా అని అడిగితే పాడైందంటాడు బాబాయ్. రోజూ మధ్యాహ్నం అందులో నీళ్లూ పొడీ పెట్టి, కింద కప్పు పెట్టి, బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి నిలబడతాడు. మొన్న పిన్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పాతికేళ్లయింది నన్ను చేసుకుని. నాకొక్కసారి కాఫీ కలిపిచ్చిన పాపాన పోలేదు."

బాబాయ్ వినే చెవిని తలుపుకి ఆనించి ఉన్నాడు. అంతలో ఎవరో మిషను చంకన పెట్టుకుని వచ్చారు. తలుపు తొయ్యబోతే చెయ్యి అడ్డంపెట్టాడు.

"లోపల మనిషున్నారు," అన్నాడు. "కాసేపాగండి."